ఓయూ దగ్గర దిగి జీహెచ్‌కు పోవడం ఎలా?

మీ పిల్లవాడు పుస్తకం ఒళ్ళో పెట్టుకొని ‘టఫ్’ అని చదివాడు. మీరు పొంగిపోయారు. మర్నాడు అదే ఊపులో ‘ప్లఫ్’ అన్నాడు. ఏందిరా ఆ ప్లఫ్ అని తొంగిచూస్తే నాగలి బొమ్మ! ఇలాంటి సంకటంలో పడ్డ తల్లిదండ్రుల కోసమే ఈ పద్ధతి. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా పైసా ఖర్చు లేకుండా ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. ఫలితానికి మాత్రం మా పూచీ లేదు.

ముందుగా సరంజామా. ఓ, యు, జి, హెచ్ అనే నాలుగు అక్షరాలు. గుర్తుపెట్టుకోవడం మనకు చాలా తేలిక. ఓయూ అంటే ఉస్మానియా యూనివర్సిటీ. జీహెచ్ అంటే గవర్నమెంట్ హాస్పిటల్, మనం సర్కారు దవాఖాన అంటామే, అది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి రాస్తే చాలు, స్పెల్లింగ్ తప్పమన్నా తప్పదు. పేచీ అంతా నోటితోనే.

టఫ్ అంటే గట్టిది. రఫ్ అంటే గరుకు. ఎనఫ్ అంటే చాలు. మూడింట్లో చివర ‘ఫ్’ పలికింది కదా అని సూత్రం తయారుచేశారో, మునిగారన్నమాటే. అవే నాలుగు అక్షరాలతో త్రూ అంటే గుండా, దో అంటే అయినా, డో అంటే రొట్టె చేసే పిండి ముద్ద, బౌ అంటే చెట్టు కొమ్మ, థరో అంటే అరకొర లేకుండా పూర్తిగా. కాఫ్ అంటే దగ్గు, ట్రాఫ్ అంటే కుడితి గోలెం. ఎక్కిళ్ళను హికప్ అంటారు. దానికీ దగ్గుకూ చుట్టరికం ఉందని పాతకాలంలో ఎవరో పొరపడి ఈ నాలుగు అక్షరాలనే దాని తోకకూ కట్టారు. పలికేది మాత్రం ‘అప్’.

పిల్లవాడు ఎందుకట్లా అని అడుగుతాడు. అడగనివ్వకండి. ‘గంతే’ అనండి. మా ఇంగ్లిష్ సారు పదేళ్ళు ఆ ఒక్క మాటతోనే నెట్టుకొచ్చాడు. మొండిపిల్లవాడైతే మాత్రం అసలు కథ చెప్పక తప్పదు. ఒకప్పుడు ఆ జీహెచ్‌కు నోరుండేది. ఉర్దూ బాగా వచ్చినవాళ్ళు ‘ఖబర్’ అన్నప్పుడు గొంతులో చిన్న జీర వస్తుంది చూడండి, దాదాపు ఆ చప్పుడే. 1476లో కాక్స్‌టన్ అనే ఆయన లండన్ పక్కనే వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. అచ్చు వచ్చాక రాత మెల్లగా గడ్డకట్టింది, నోరు మాత్రం మారుతూనే పోయింది. ఆ జీర కొన్ని మాటల్లో పూర్తిగా పోయింది, కొన్నింట్లో ‘ఫ్’ అయి కూర్చుంది. అక్షరాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి, జీతం ఆగిపోయినా ఆఫీసుకొచ్చే గుమాస్తాల్లాగా.

ఇక అభ్యాసం. 2022-23లో మన సర్కారు బడులు ఇంగ్లిష్ మీడియంలోకి మారినప్పుడు, ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో అచ్చేసి పుస్తకాలిచ్చారు. తెలుగు పేజీ మీద అరచెయ్యి పెట్టి మూయించండి. లేకపోతే పాఠం అర్థమైపోయే ప్రమాదం ఉంది. తాతలున్న ఇళ్ళల్లో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. మా ఇంట్లో ఏమైందో వినండి.

“ఏం చదువుతున్నవు బిడ్డా?”

“ప్లౌ తాతా. అంటే నాగలి.”

తాత అక్షరాలన్నీ ఒక్కొక్కటే చెప్పించుకున్నాడు. “మరి ఆ జీ, హెచ్ ఏం పని చేస్తయిరా ఆడ?”

“ఏం చెయ్యయి. ఊకనే ఉంటయి.”

“అట్లనా! అయితే గుంపు మేస్త్రీలే అవి. తట్ట మొయ్యరు, లెక్కల మాత్రం ఉంటరు.”

తాత వయసులో ఉన్నప్పుడు ఊరు విడిచి డ్యాముల పనికి పోయినవాడు. పాలమూరు లేబర్ అంటే ఏమిటో ఆయనకు డిక్షనరీ చెప్పక్కర్లేదు. అంతటితో ఊరుకోలేదు. మనవడిని కొట్టంలోకి తీసుకుపోయి గోడకు ఆనించిన పాత నాగలి చూపించాడు. తుప్పు పట్టిన కర్రు మీద గోటితో కొట్టాడు. “ఇది లేకుంటే భూమి తెగది. ఈ మేడి లేకుంటే చేతికి పట్టు ఉండది. కాడి లేకుంటే ఎడ్లు గుంజయి. వట్టిగ ఉన్న కట్టె ఒక్కటన్న ఉందా చెప్పు?” పిల్లవాడికి ఆ రోజు నాగలి వచ్చింది, స్పెల్లింగ్ పోయింది. తాతల్ని దూరం పెట్టమనేది అందుకే.

నాలుగు అక్షరాల వెనక ‘టీ’ చేరిస్తే రెండో తరగతి పాఠం. బాట్ అంటే కొన్నాడు, బ్రాట్ అంటే తెచ్చాడు, థాట్ అంటే అనుకున్నాడు, ఫాట్ అంటే కొట్లాడాడు. అన్నీ బుద్ధిగా ‘ఆట్’ అంటున్నాయి. వీటి మధ్య కరువు వచ్చి కూర్చుంటుంది. దాన్ని డ్రాట్ అనకూడదు, డ్రౌట్ అనాలి. మన జిల్లాలకు వచ్చే కరువుకు ఉచ్చారణతో పనిలేదు, ఎట్లా పిలిచినా వస్తుంది.

లండన్ పోయే ఆలోచన ఉన్నవాళ్ళకు పెద్ద కోర్సు. ఆ దేశంలో లఫ్‌బరో అని ఒక ఊరుంది. దాని పేరులో మన నాలుగు అక్షరాలు రెండుసార్లు వస్తాయి. మొదటిసారి ‘అఫ్’, రెండోసారి ఉత్త ‘అ’. హీత్రూ విమానాశ్రయానికి దగ్గర్లో స్లౌ అనే ఊరుంది. అవే అక్షరాలను స్లఫ్ అంటే పాము విడిచే కుబుసం. మరీ నవ్వకండి. గద్వాల పక్కన మన గట్టు ఊరికి ఇంగ్లిష్‌లో జీ పక్కన హెచ్ తగిలించి రాస్తారు, ఆ హెచ్‌ను ఏనాడూ ఎవరూ పలకలేదు. మహబూబ్‌నగర్‌ను ఇంగ్లిష్‌లో మూడు నాలుగు తీర్లుగా రాస్తారు. ఆ బాధ పడలేకనో ఏమో, జనం హాయిగా పాలమూరు అంటారు. ఇక ‘బాధ’ను ‘భాద’ అని రాసే తెలుగు బోర్డులు ఎన్ని చూడలేదు!

మీవాడు స్పెల్లింగులో ఛాంపియన్ కావాలంటే దారి ఉంది. 2024లో అమెరికాలో జరిగిన స్క్రిప్స్ నేషనల్ స్పెల్లింగ్ బీలో బృహత్ సోమ అనే పన్నెండేళ్ళ ఫ్లోరిడా అబ్బాయి గెలిచాడు. తండ్రిది నల్లగొండే. ఆఖరి పోటీలో 90 సెకన్లలో 29 మాటలకు సరైన స్పెల్లింగ్ చెప్పాడు. గెలిపించిన మాట ఆబ్‌సైల్, అంటే తాడు పట్టుకొని కొండ దిగడం. బహుమతి 50 వేల డాలర్లు. ఇక్కడ మన గౌండ్లవాళ్ళు రోజూ మోకు వేసుకొని తాటిచెట్టు ఎక్కి దిగుతూనే ఉన్నారు. స్పెల్లింగ్ తెలియక ఎంత నష్టపోయారో! కాబట్టి మొదటి మెట్టు నల్లగొండలో పుట్టడం, రెండో మెట్టు ఫ్లోరిడాకు పోవడం. ఆ పిల్లవాడు పడ్డ కష్టం మూడో మెట్టు. దాని గురించి తల్లిదండ్రులు సాధారణంగా అడగరు.

ఇంత తంటా ఎందుకు, ఆ రాతే మార్చేస్తే పోలేదా అని కొందరికి తోస్తుంది. 1906లో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్‌కు కూడా తోచింది. మూడు వందల మాటల స్పెల్లింగ్ కుదించి సర్కారు ప్రెస్సులో అట్లాగే అచ్చేయమన్నాడు. పత్రికలు నవ్వాయి, కాంగ్రెసు కుదరదంది, ఆయన వెనక్కి తగ్గాడు. అంతకు ఎంతో ముందే నోవా వెబ్‌స్టర్ తన 1828 నిఘంటువులో ప్లౌకు పట్టిన జీ, హెచ్‌లను పీకేశాడు. అమెరికా రైతు ఈనాటికీ నాలుగు అక్షరాల నాగలే కట్టుకుంటాడు. తాత వింటే మెచ్చుకునేవాడు.

కానీ మీవాణ్ని పరీక్షలో ఆ అమెరికా నాగలి రాయనివ్వకండి, సారు సున్నా వేస్తాడు. ఆ సున్నాను ఇంగ్లిష్‌లో ‘నాట్’ అంటారు. అందులోనూ ఓయూజీహెచ్ ఉంటుంది.