ఊరేగించి ఉద్వాసన

మా బావమరిది ఉత్తర లండన్‌లో కాపురం పెట్టి పదిహేనేళ్లయింది. అక్కడ ఇంటి మీద పాతికేళ్ల అప్పు చేశాడు, టాటెన్‌హామ్ హాట్‌స్పర్ అనే ఫుట్‌బాల్ క్లబ్బు మీద మమకారం పెంచుకున్నాడు. అప్పు ఎప్పటికో ఒకప్పటికి తీరుతుంది.

2025 అక్టోబరులో వాడింటికి వెళ్లి వారం రోజులున్నాను. రోజూ సాయంత్రం పక్కింటి పెద్దాయన వచ్చి వంటింట్లో కూర్చునేవాడు. టాటెన్‌హామ్ 1961లో లీగునూ ఎఫ్ఏ కప్పునూ ఒకే ఏడాది గెలిచినప్పుడు ఆయనవి నిక్కర్ల రోజులు. ఆ తర్వాత జట్టు లీగు గెలిచింది లేదు, ఆయన ఆశ వదిలింది లేదు. మా చెల్లెమ్మ టీ కప్పులు పెట్టి మేడ మీదికి వెళ్లిపోయేది. ఎందుకని అడిగితే, "వీళ్లిద్దరూ మేనేజర్ని తీసేసేదాకా నేను కిందికి రాను అన్నయ్యా" అంది.

మేనేజరంటే మన బ్యాంకు మేనేజరు కాదు. ఇంగ్లండులో జట్టుకు పాఠం చెప్పేదీ, ఎవరు ఆడాలో తేల్చేదీ, ఓడినప్పుడు కెమెరాల ముందు నిలబడేదీ ఆయనే. ఆటగాళ్లను కొనే డబ్బు మాత్రం ఆయన చేతిలో ఉండదు. నాకు అర్థమైనంతలో ఇది ఇల్లరికం. మామగారి ఇల్లు, మామగారి వడ్లు, మామగారి తాళాలు. పంట పండకపోతే మాత్రం అల్లుడి పాదం మంచిది కాదు.

ఈ ఇంటి మామగారి పేరు డేనియల్ లెవీ. 2001లో ఛైర్మన్ కుర్చీలో కూర్చుని, దాదాపు పాతికేళ్లు లేవలేదు. అంతలో అల్లుళ్లు డజను పైచిలుకు మారారు. మార్టిన్ యోల్ అనే అల్లుడి సంగతి విన్నాక నాకు నోట మాట రాలేదు. 2007 అక్టోబరులో గెటాఫేతో మ్యాచ్ నడుస్తోంది, ఆయన మైదానం పక్కన నిలబడి చేతులూపుతున్నాడు, ఆయన ఉద్యోగం పోయిందన్న కబురు వెనకాల గ్యాలరీల్లో చెవి నుంచి చెవికి పాకుతోంది. ఆయన తర్వాత వచ్చిన హువాండే రామోస్ 2008లో లీగ్ కప్పు తెచ్చాడు. అక్టోబరు వచ్చేసరికి ఎనిమిది మ్యాచ్‌లలో రెండే పాయింట్లు. ఆయనా వెళ్లిపోయాడు.

పొచెటినో అనే అల్లుడు వచ్చాక మాత్రం ఇంటికి కళ వచ్చింది. 2018 వేసవిలో మామగారు ఒక్క ఆటగాణ్ణి కూడా కొనలేదు. వేసవి ట్రాన్స్‌ఫర్ విండో పద్ధతి వచ్చాక ప్రీమియర్ లీగులో ఏ క్లబ్బూ అంత నిగ్రహం చూపలేదు. ఉన్న బియ్యంతోనే వండి, ఆ అల్లుడు 2019 జూన్‌లో జట్టును ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. లివర్‌పూల్ చేతిలో 2–0తో ఓడాడు. నవంబరులో పంపించేశారు. మర్నాడే జోసె మొరిన్యో గృహప్రవేశం. ఎక్కడికెళ్లినా కప్పు గెలిచే మనిషని పేరు. ఆయన్ను 2021 ఏప్రిల్ 19న తీసేశారు, లీగ్ కప్పు ఫైనల్‌కు సరిగ్గా ఆరు రోజుల ముందు. ఫైనల్‌కు 29 ఏళ్ల కుర్రాడు ర్యాన్ మేసన్ పెద్దరికం వహించాడు. ఓడారు.

"కప్పులు గెలవడానికే తెచ్చుకున్న మనిషిని కప్పు ఫైనల్ వారంలో పంపేశారేమిటి?" అన్నాను.

"అదే బావగారూ మా క్లబ్బు" అన్నాడు బావమరిది. గొంతులో దిగులు కన్నా గర్వం ఎక్కువ వినిపించింది.

తర్వాత 72 రోజులు సంబంధాలు వెతికి నూనోను తెచ్చారు. నాలుగు నెలలకు ఆయన పెట్టె సర్దారు. జూన్‌లో కుదరని ఆంటోనియో కాంటె సంబంధం నవంబరులో కుదిరింది. ఆయన 2023 మార్చిలో, సౌతాంప్టన్‌తో 3–3 డ్రా అయిన రోజున, విలేకరుల ముందు ఆటగాళ్లనూ ఇంటినీ కలిపి కడిగేశాడు. ఇరవయ్యేళ్లుగా ఈ యజమానే ఉన్నారు, ఒక్కటీ గెలవలేదు, ఎందుకని అడిగాడు. పాపం 2008 కప్పు ఆయన లెక్కకు ఆనలేదు. వారం తిరిగేసరికి ఆయన కూడా లేడు.

ఇక ఆంజ్ పోస్టెకోగ్లూ. ఆస్ట్రేలియా మనిషి, బొంగురు గొంతు, ఎవరినైనా చనువుగా 'మేట్' అని పిలుస్తాడు. ఈయనది ఇంటికి తలుపులు పెట్టని సిద్ధాంతం. 2023 నవంబరులో చెల్సీ మీద ఇద్దరికి రెడ్ కార్డులు పడి తొమ్మిది మందే మిగిలారు. అయినా రక్షణ వరుస మైదానం మధ్య గీత దగ్గరే నిలబడింది, దొంగలను ఎదురెళ్లి పిలుచుకొచ్చినట్టు. 4–1తో ఓడారు. జనం లేచి చప్పట్లు కొట్టారు. పెద్దాయన కూడా కొట్టాడట. "అందంగా ఓడాం" అన్నాడు నాతో. అందులో ఆయనకు బాగా అనుభవం ఉంది.

2024 సెప్టెంబరులో ఈ ఆంజ్ ఒక మాటన్నాడు. రెండో ఏడాదిలో నేనెప్పుడూ ఏదో ఒకటి గెలుస్తానని. లండనంతా నవ్వింది. నవ్వడానికి తగ్గట్టే లీగులో 22 మ్యాచ్‌లు ఓడి, ఇరవై జట్లలో పదిహేడో స్థానంలో నిలిచాడు. ఇంకొక్క మెట్టు దిగితే కింది డివిజనే. ఆ ఏడాదే, 2025 మే 21న, బిల్బావోలో యూరోపా లీగ్ ఫైనల్. ఎదుట పదహారో స్థానంలో ఉన్న మాంచెస్టర్ యునైటెడ్. సొంత ఊళ్లో ఎవరూ పిల్లనివ్వని ఇద్దరు పొరుగూళ్లో స్వయంవరానికి వెళ్లారన్నమాట. బ్రెనన్ జాన్సన్ గోలుతో టాటెన్‌హామ్ గెలిచింది. 17 ఏళ్ల తర్వాత కప్పు, యూరప్ కప్పయితే 41 ఏళ్ల తర్వాత.

రెండు రోజులకు బస్సు మీద ఊరేగింపు. బావమరిది ఆఫీసుకు జ్వరమని చెప్పి వెళ్లాడు. పెద్దాయన ఏడ్చాడు. మన వైపు పెళ్లయ్యాక పదహారు రోజుల పండగ చేస్తాం. కప్పు గెలిచిన పదహారో రోజున, జూన్ 6న, ఆంజ్‌ను తీసేశారు. మన వినాయకుణ్ణీ ఊరేగించాకే కదా నీళ్లలో కలిపేది. లెవీగారు వరుస తప్పలేదు.

ఇక్కడ వంటింటి చర్చ అడ్డం తిరిగింది. ఆర్నెల్లుగా "ఈయన్ను పంపేయాలి" అని వాదించిన బావమరిది ఆ రోజు నుంచీ ఆంజ్ భక్తుడు. "కప్పు తెచ్చినవాణ్ణి పంపుతారా? నీతి ఉందా?" ఫిబ్రవరిలో "ఓపిక పట్టాలి, పునాదులు పడుతున్నాయి" అన్న పెద్దాయనేమో "పదిహేడో స్థానం బాబూ, పదిహేడు!" అంటాడు. ఇద్దరూ నిజాయితీగానే మాట్లాడుతున్నారు. క్లబ్బు ఏం చేస్తే దానికి ఎదురు నిలబడాలి, అంతే. మా ఊరి అరుగు మీద పంచాయతీ సర్పంచి గురించి మాట్లాడుకునేవాళ్లూ ఇంతే, కాకపోతే వాళ్లు సీజన్ టికెట్ కొనరు.

యూరప్ లెక్కలు నాకు మొదట ఎక్కలేదు. బావమరిది కాగితం మీద గీస్తుంటే పెళ్లి భోజనం గుర్తొచ్చి అన్నీ తేటపడ్డాయి. ఛాంపియన్స్ లీగ్ మొదటి బంతి: వేడి వేడి పప్పు, నెయ్యి, డబ్బు. యూరోపా లీగ్ రెండో బంతి: గారెలు చల్లారి ఉంటాయి. కాన్ఫరెన్స్ లీగ్ మూడో బంతి: పాయసం గిన్నె గీకుతుంటారు. మామూలుగా లీగులో పైన నిలిచినవాళ్లకే మొదటి బంతి. 2012లో టాటెన్‌హామ్ నాలుగో స్థానంలో నిలిచి విస్తరి ముందు కూర్చుంది. అంతలో ఆరో స్థానంలో ఉన్న చెల్సీ ఏకంగా ఛాంపియన్స్ లీగే గెలిచి వచ్చి, వీళ్లను లేపి ఆ విస్తట్లో కూర్చుంది. 2021లో మూడో బంతికి వెళ్లారు. స్లొవేనియాలో మూరా అనే చిన్న జట్టు చేతిలో ఓడారు. ఆఖరి మ్యాచ్ నాటికి ఆటగాళ్లకు కరోనా తగిలింది, ఆట జరగలేదు, 3–0 ఓటమి రాసి ఇంటికి పంపారు. అలాంటివాళ్లు పదిహేడో స్థానం నుంచి యూరోపా కప్పు పుణ్యాన నేరుగా మొదటి బంతిలోకి దూకారు. ఆగస్టు నుంచే ఇద్దరూ సెమీఫైనల్‌లో ఎవరు తగిలితే బాగుంటుందో చూస్తున్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

అయినా వీళ్ల భక్తికి అసలు పరీక్ష 2024 మే 14న జరిగింది. సొంత మైదానంలో మాంచెస్టర్ సిటీతో ఆట. గెలిస్తే మొదటి బంతి ఆశ బతికుంటుంది. కానీ గెలిస్తే లీగు టైటిల్ వాకిట్లో నిలబడ్డ ఆర్సెనల్‌కు మేలు. ఆర్సెనల్ అంటే నాలుగు మైళ్ల దూరంలో ఉండే దాయాది. సిటీ గోలు కొడితే టాటెన్‌హామ్ అభిమానుల్లో కొందరు పండగ చేసుకున్నారు. ఆంజ్ మండిపడి, ఇక్కడి పునాదులే బలహీనమన్నాడు. 2–0తో ఓడారు, బంతి పోయింది. పక్కోడికి రెండు కళ్లూ పోతాయంటే నాకొకటి పోయినా ఫర్వాలేదన్నది మనవాళ్లు వరమడిగేటప్పుడు చెప్పుకునే కథ. దానికి టికెట్ పెట్టి అమ్మొచ్చని నాకు తెలీదు.

"మీరేం చేశారా రోజు?" అని పెద్దాయన్ను అడిగాను.

టీ కప్పులోకి చూశాడు. "నేను దుఃఖంతోనే చప్పట్లు కొట్టాను" అన్నాడు.

హ్యారీ కేన్ మాటెత్తితే మాత్రం ఇద్దరూ ఒకేసారి మౌనం. ఈ క్లబ్బుకు 280 గోల్స్ కొట్టి, ఒక్క కప్పయినా ముట్టకుండా 2023లో జర్మనీలో బయర్న్ మ్యూనిక్‌కు వెళ్లాడు. పదకొండేళ్లు వరసగా లీగు గెలిచిన బయర్న్, ఆయన కాలు పెట్టిన ఏడాది ఏదీ గెలవలేదు. 2025 మేలో ఆయనకు అక్కడ మొదటి టైటిల్, అదే నెలలో వీళ్లకు ఇక్కడ కప్పు. విడాకులయ్యాక ఇద్దరికీ ఒకే నెలలో కలిసొచ్చిందంటే, పాయింట్లు కుదరని జాతకాలే మరి.

లెవీని పూర్తిగా తిట్టడానికి నాకు మనసొప్పదు. ఆయన కట్టిన స్టేడియం చూశాను. 62,850 మంది పడతారు. లోపల 65 మీటర్ల బారు. గ్లాసు పెడితే బీరు అడుగు నుంచి పైకి నిండుతుంది. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతారు, బియాన్సే పాడుతుంది, గ్యాలరీల కింద గో-కార్ట్‌లు తిరుగుతాయి. ఆ ఇంట్లో లోటుగా కనిపించేదల్లా అప్పుడప్పుడూ వచ్చిపోయే ఫుట్‌బాల్ జట్టే. 2024లో టికెట్ ధరలు 6 శాతం పెంచి, ముసలివాళ్ల రాయితీకి కత్తెర పెట్టినప్పుడు పెద్దాయన నిరసనకు వెళ్లాడు. నిరసన ముగిశాక లోపలికెళ్లి మ్యాచ్ చూశాడు. డబ్బు కట్టేశాడుగా.

2025 సెప్టెంబరు 4న లెవీ దిగిపోయాడు. ఏళ్ల తరబడి "లెవీ దిగిపో" అని అరిచినవాళ్లకు మొక్కు తీరింది. ఆ సాయంత్రం ఇద్దరూ కూర్చున్నారు గానీ, అరగంట పాటు ఏం మాట్లాడుకోవాలో తోచలేదట. పండగ వెళ్లిన మర్నాడు ఇల్లు ఉన్నట్టు ఉందని చెల్లెమ్మే చెప్పింది. అసలు యజమానులు లూయిస్ కుటుంబం ఇంకా ఉన్నారన్నది తర్వాత గుర్తొచ్చి తేరుకున్నారు.

కొత్త సీఈవో పేరు వినయ్ వెంకటేశం అన్నాడు బావమరిది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"మనోడేనా? ఏ ఊరు?"

"ఊరు సంగతి కాదు బావగారూ. ఇంతకుముందు ఆర్సెనల్ సీఈవో!"

పెద్దాయన కళ్లు మూసుకున్నాడు.

నేను తిరుగు ప్రయాణం కట్టిన వారంలోనే ఆంజ్ మళ్లీ వార్తల్లోకెక్కాడు. సెప్టెంబరులో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ క్లబ్బు తన మేనేజర్ని తీసేసి ఆయన్ను తెచ్చుకుంది. తీసేసింది ఎవరినంటే, టాటెన్‌హామ్ నాలుగు నెలలకే పంపేసిన ఆ నూనోనే. మాజీ అల్లుడు లేచిన పీట మీద మరో మాజీ అల్లుడన్నమాట. ఎనిమిది మ్యాచ్‌లాడి ఒక్కటీ గెలవలేదు. అక్టోబరు 18న చెల్సీ చేతిలో ఓడిన కాసేపటికే ఇంటికి పంపారు. మొత్తం 39 రోజులు. అయ్యప్ప దీక్షకైనా 41 రోజులు ఉంచుతారు.

"చూశావా, మనవాళ్లు తీసేసింది కరెక్టే" అన్నాడు పెద్దాయన.

"రెండో ఏడాది రానిచ్చారా మరి?" అని బావమరిది లేచాడు.

మేడ మీద తలుపు మూసుకున్న చప్పుడైంది. టాటెన్‌హామ్‌కు అప్పుడున్న అల్లుడు థామస్ ఫ్రాంక్ మంచివాడా కాదా అన్నది ఆ రోజుకింకా తేలలేదు. సొంత మైదానంలో ఆట బాగుండటం లేదని పెద్దాయన అప్పటికే వేలు మడిచాడు. చలికోటు వేసుకుంటూ, వచ్చే ఏడాది సీజన్ టికెట్ ధర ఎప్పుడు చెబుతారో కనుక్కోమని మావాడికి పురమాయించి వెళ్లాడు.