ముప్పావు సెకను బాకీ

మహారాజశ్రీ ఆన్‌లైన్ ట్యాంకుల ఆట బ్యాలెన్స్ విభాగాధిపతి గారి దివ్య సముఖానికి,

సంగారెడ్డి వాస్తవ్యుడు, పదకొండు వేల యుద్ధాలు చూసినవాడు, గెలుపు శాతం ఎంతని అడిగితే మాట మార్చేవాడు అయిన అర్జీదారుడు సవినయంగా విన్నవించుకునేది ఏమనగా:

గత బుధవారం తమరు దయతో పంపిన అప్‌డేట్ క్షేమంగా అందినది. ఇంట్లోవాళ్లంతా తిని పడుకున్నాక డౌన్‌లోడ్ పూర్తయినది. ప్యాచ్ నోట్స్ ఆసాంతం చదవడమైనది. మ్యాపుల్లో చెట్ల ఆకులు మునుపటికంటే బాగా కదులుతున్నందుకు అర్జీదారుడు కృతజ్ఞుడు. పండుగ స్టిక్కర్లకు మరీ కృతజ్ఞుడు. అయితే అదే నోట్స్‌లో, సినిమా చివర అసిస్టెంట్ల పేర్లు పడేంత కింద, ఒక్క వాక్యం కనిపించినది. ఒక ట్యాంకు రీలోడ్ సమయం 10.25 సెకన్ల నుంచి 11 సెకన్లకు మార్చబడినది.

మార్చబడినది! ఎవరి చేత? ఆ కర్మణి ప్రయోగం వెనక ఎంతమంది దాక్కున్నారండీ?

ఆ ట్యాంకు అర్జీదారుడిది. జర్మన్ హెవీ. గ్యారేజీలో దాని పేరు వేరు, ఇంట్లో మాత్రం దాన్ని దున్నపోతు అంటారు. మూల మీద కాస్త పక్కకు తిప్పి నిలబెడితే ఎదుటివాళ్లు ఎన్ని గుండ్లు పేల్చినా వాన పడ్డట్టే. పరుగెత్తదు, దాక్కోదు, కొండెక్కదు. దానికున్నదల్లా ఆ తోలు, ఆ ఫిరంగి. తోలు జోలికి తమరు పోయిన ఏడాదే వచ్చారు. ఇప్పుడు ఫిరంగి.

తమ ఆట పేరు ఈ అర్జీలో ఎక్కడా రాయనిది మర్యాద కోసమని తమరు పొరబడవద్దు. ఖాతా ఊడుతుందన్న భయం.

ముప్పావు సెకనే కదా అని తమరు సెలవివ్వవచ్చు. అర్జీదారుడు కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు. ఐదు నిమిషాలు తెరిపి లేకుండా కాలిస్తే పాత దున్నపోతు 29 గుండ్లు వదిలేది. కొత్తది 27. ఆ రెండు గుండ్ల తేడాలో ఎన్ని ఆటలు ఇటు నుంచి అటు పోతాయో ఆడేవాళ్లకు చెప్పక్కర్లేదు. శనివారం రాత్రి జరిగిందే చాలు. ఎదుట మీడియం ట్యాంకు, హెల్త్ చుక్కంత. పాత లెక్క ప్రకారం వేలు మౌస్ మీద పడింది. ఫిరంగి పేలలేదు. వాడిది పేలింది. ఎంతోకాలంగా ఆ వేలికి 10.25 అలవాటు. వేలికి ప్యాచ్ నోట్స్ ఎవరు చదివి వినిపించాలి?

మర్నాడు ఆదివారం మేనమామ వచ్చాడు. ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. నిజమైన బీఎంపీ-2 యుద్ధ వాహనాలు తయారయ్యే చోటు అది.

“ముఖం అట్ల పెట్టినవేందిరా?”

“నా ట్యాంకును నెర్ఫ్ చేసిన్రు మామా.”

“అంటే? ట్రాక్ ఊడిందా?”

“లేదు. గుండు లేటుగ ఎక్కుతుంది.”

“లోడరుకు జ్వరమొచ్చిందేమో. సెలవియ్యి.”

ఎక్కడో ఆఫీసులో కూర్చున్నవాళ్లు అంకె మార్చారని విడమరచి చెబితే ఆయన కాసేపు ఆలోచించి, “కొత్తది మంచిగ లేకుంటే పాత బండే వాడుకో” అన్నాడు. అదే కదా సార్ ఏడుపు! పాత బండి ఎక్కడుంది? షెడ్డులో లేదు, తుక్కు కొట్టులో లేదు. అర్జీదారుడు మూడేళ్లు గ్రైండ్ చేసి సంపాదించింది ఇనుము కాదు, ఒక అంకె. ఆ అంకె తమ సర్వర్‌లో ఉంటుంది. తాళం తమ మొలతాడుకు ఉంటుంది.

అసలు మిమ్మల్ని ఎవరడిగారండీ దీన్ని ముట్టుకోమని?

“పనితీరు గణాంకాలను పరిశీలించిన మీదట” అని కదా మీరు రాసింది. ఎవరి పనితీరు? ఈ నత్తనడక బండిని ఇంకా పట్టుకుని వేలాడుతున్నది ఎవరు? దాని ప్రతి గీతా, ప్రతి అతుకూ తెలిసిన పాత పిచ్చివాళ్లు. వాళ్లు బాగానే ఆడతారు. ఆ సగటు చూసి బండి బలంగా ఉందని మీరు తేలుస్తారు. వంట బాగుందని పొయ్యి మంట తగ్గించినట్టుంది. వార్ థండర్ అనే ఆటలో అయితే ఇది పద్ధతిగానే సాగుతుంది: ఒక వాహనాన్ని దాని ఆటగాళ్లు బాగా నడిపితే దాని బ్యాటిల్ రేటింగ్ (ఎవరితో తలపడాలో తేల్చే అంకె) పైకి పోతుంది, అక్కడ ఇంకా కొత్త కాలపు ట్యాంకులు దాన్ని చీల్చి పోగులు పెడతాయి. చెత్తగా ఆడేవాళ్లే తమ ట్యాంకుకు మేలు చేస్తున్నారు. ఆ లెక్కన అర్జీదారుడు ఇన్నాళ్లూ దున్నపోతుకు చేతనైనంత మేలు చేశాడు, మిగతావాళ్లే చెడగొట్టారు.

ఇక రెండో మాట, చరిత్ర. ఎప్పుడు నిలదీసినా “చారిత్రక వాస్తవికత” అనే పాత దుప్పటి కప్పుకుంటారు. 188 టన్నుల మౌస్ ట్యాంకుకు జర్మన్లు చేసిన నమూనాలు రెండే, వాటి భాగాలు కలిపి నిలబెట్టిన ఒక్కటే ఇవాళ మాస్కో దగ్గర కుబింకా మ్యూజియంలో ఉంది. ఇ 100 ట్యాంకు అయితే టరెట్ కూడా ఎక్కకుండా 1945లో మిత్రసేనల చేతికి చిక్కింది, బ్రిటన్ పోయి తుక్కయింది. ఇలాంటి బండ్లు మీ ఆటల్లో రోజూ వేల సంఖ్యలో తిరుగుతున్నాయి. యుద్ధంలో గుండే పేల్చని ఫిరంగికి రీలోడ్ 10.25 అయితే చరిత్ర తప్పు, 11 అయితే ఒప్పు అని ఏ తాళపత్రంలో ఉంది?

అర్జీదారుడు పక్షపాతి అని మీరనవచ్చు. ఒప్పుకుంటాడు. 2017లో వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్ అనే ఆటలో 9.18 అప్‌డేట్ ఆర్టిలరీ బండ్ల నడ్డి విరిచి, ఒక్కో జట్టుకు మూడే అని కట్టడి పెట్టినప్పుడు ఇతగాడు ఇంట్లో మైసూర్ పాక్ పంచాడు. చచ్చే బదులు తల తిరిగే రోగం అంటగట్టారని అర్థమయ్యాక ఆ మైసూర్ పాక్ వెనక్కి అడుగుదామనుకున్నాడు, అది వేరే సంగతి. ఆ ఏడాది చివర్లోనే ఆబ్జెక్ట్ 268 వెర్షన్ 4 అనే ట్యాంకు దిగింది. ముందు నుంచి కొడితే గీత పడదు, పైగా మీడియం ట్యాంకులా పరుగు. అంతటిదాన్ని పరీక్షల్లో చూసి కూడా ఎవరూ ఏమీ అనలేదంటే నమ్మాలా? జనం నెత్తీనోరూ కొట్టుకున్నాక 2018లో దాన్ని దించారు. ఈలోపు ఓడినవాళ్ల ఆటలు ఓడినట్టే ఉన్నాయి. 2019లో చక్రాల బండ్లు. 2021లో 1.13 అప్‌డేట్‌తో హెచ్ఈ (పేలుడు) గుండ్లకు చప్పటి కషాయం. ఒక్కోసారి ఒక్కో ఇంట ఏడుపు, పక్కింట పండుగ.

ఇందులో డబ్బు పెట్టి కొన్నవాళ్ల ఏడుపుకు మాత్రం వేరే కౌంటరుంది. ఇక్కడే అర్జీదారుడి కడుపు మండుతుంది. అదే వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్‌లో 2013 నాటి సూపర్ పెర్షింగ్ కథ గుర్తుందా? నిజమైన డబ్బుకు అమ్మిన ప్రీమియం ట్యాంకు అది. 8.8 అప్‌డేట్‌లో దాని ముందు పలకలను బలహీనం చేశారు. కొన్నవాళ్లు అగ్గి మీద గుగ్గిలమయ్యారు. చివరికి వద్దనుకున్నవాళ్లు బండి ఇచ్చేసి ఆట కరెన్సీ అయిన గోల్డ్ వెనక్కి తీసుకునే వీలు కల్పించారు. బాగుంది. న్యాయం. మరి రాత్రులు పెట్టి కొన్నవాడి సంగతి? దున్నపోతును ఇచ్చేస్తాను, తొమ్మిదో టైర్‌లో పొర్లిన ఆ ఎండాకాలం వెనక్కి ఇస్తారా? ఇంటి ఆడపడుచు పెళ్లి సంగీత్‌లో ఫోను చూస్తూ, మిషన్ గడువు పోతుందని మధ్యలో లేచి వచ్చేసినందుకు ఇప్పటికీ వినవలసి వస్తున్న మాటలు వాపసు తీసుకుంటారా? రూపాయికి రసీదుంది, రాత్రికి లేదు. ముప్పావు సెకను అని మీరు రాసిన చోట అర్జీదారుడికి కనిపించేది ఆ మూడేళ్లు.

ఇదివరకు జనం ఊరుకున్నారా అంటే, లేదు. 2023 మేలో వార్ థండర్ వాళ్లు ఆటలో వచ్చే సంపాదనకు కత్తెర వేయబోతే ఆటగాళ్లు స్టీమ్ స్టోర్‌లో తిట్ల వాన కురిపించారు. రేటింగ్ పాతాళానికి పోయింది. కంపెనీ ఆ మార్పులు వెనక్కి తీసుకుంది, ఏమేం సరిచేస్తామో జాబితా ప్రకటించింది. అంటే అరిస్తేనే వినపడుతుందన్నమాట. మర్యాదగా ఫారం నింపి పంపితే “మీ అభిప్రాయం మాకు విలువైనది” అని మిషను జవాబు. అలాంటివి అర్జీదారుడి దగ్గర పద్నాలుగు ఉన్నాయి, ఫ్రేము కట్టించుకోవాలి.

కొందరు వార్ థండర్ ఆటగాళ్లు ఇంకా ముందుకు పోయారు. 2021 జులైలో, తాను ఛాలెంజర్ 2 ట్యాంకు కమాండరుగా పనిచేశానన్న ఒకాయనకు ఆటలో ఆ ట్యాంకు కవచం తప్పుగా ఉందని బాధ కలిగింది. ఆ బాధలో బ్రిటిష్ సైన్యపు రహస్య మాన్యువల్ పేజీలు పదిమందిలో పెట్టేశాడు. అదే ఏడాది ఫ్రెంచివాళ్ల లక్లేర్ ట్యాంకు టరెట్ ఎంత వేగంగా తిరుగుతుందన్న తగాదాలో ఆ దేశపు కాగితాలు బయటపడ్డాయి. మరుసటి ఏడాది చైనా ట్యాంకు గుండు వంతు. ఒక్కో గూఢచారికి ఏళ్లు పట్టే పని, ఒక్క బ్యాలెన్స్ తగాదా వారంలో చేసి పెట్టింది. ఆట కంపెనీ వాటిని తీసేసి, ఇలాంటివి తేవద్దు బాబూ అని దండం పెట్టవలసి వచ్చింది. వాళ్లు చేసింది నేరమే, సందేహం లేదు. కానీ సార్, ఉద్యోగం పోతుందని తెలిసీ, జైలుంటుందని తెలిసీ ఒక మనిషి తెర మీది బొమ్మ ట్యాంకు కోసం అంత దూరం వెళ్లాడంటే, వినడానికి ఎదుట ఒక్క చెవి కూడా లేదని అతనికి ఎంత గట్టిగా అనిపించి ఉండాలి? అర్జీదారుడి దగ్గర ఏ రహస్యాలూ లేవు. మామను అడిగితే క్యాంటీన్‌లో ఇడ్లీ రుచి తప్ప ఏమీ చెప్పలేదు.

పనిలో పని, మరికొన్ని. సాయంత్రం ఏడు దాటితే పింగ్ రెండు వందలు దాటుతుంది. గురి పెట్టిన చోట ట్యాంకు ఉండదు, అది ఉండిన జ్ఞాపకం ఉంటుంది. ఎదుటివాడు కవచం చీల్చే గోల్డ్ గుండ్లు మరమరాల్లా చల్లుతుంటే ఆర్మర్ అనే మాటకు అర్థమేమిటి? నిరుడు డిసెంబరు లూట్ బాక్సుల్లో అర్జీదారుడికి వరసగా ఆరు దండలు వచ్చాయి, టరెట్‌కు వేలాడదీసుకోవడానికి. మ్యాచ్‌మేకర్ గురించి రాయడం లేదు. రాస్తే బీపీ.

తిరిగి సమతూకం మాటకొస్తే, వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్ పుట్టింది మిన్స్క్‌లో. 2022లో దాన్ని చేసిన కంపెనీ రష్యా, బెలారస్‌లను వదిలేసింది. అక్కడి ఆట లెస్టా అనే స్టూడియో చేతికి పోయి, పేరు మారి మీర్ తాంకోవ్ అయింది. ఇప్పుడు ఒకే తల్లి కడుపున పుట్టిన ట్యాంకులకు సరిహద్దు ఇటు ఒక జాతకం, అటు ఒక జాతకం. ఇక్కడ తగ్గింది అక్కడ తగ్గాలని లేదు. మరి ఏది సమతూకం? రెండూ సరైనవేనా? అయితే మూడోది కూడా సరైనది కావచ్చు కదా, అర్జీదారుడి పాత 10.25 లాంటిది?

అయ్యా, కోపం కాస్త ఎక్కువైంది. క్షమించండి. అర్జీ చేతిలో ఉండగా అరవకూడదని మామ చెప్పే పంపాడు.

ఆట మానేయవచ్చు కదా అని మీరు అడగరని తెలుసు. మానడని మీకు తెలుసు. బ్యాలెన్స్ చేయడం సులువు కాదని కూడా అర్జీదారుడికి తెలుసు. వందల బండ్లు, ప్రతి బండికీ ఒక పిచ్చివాడు. ఒకడి అన్యాయం ఇంకొకడి ఊపిరి. దున్నపోతు మూల మీద నిలబడ్డప్పుడు ఎదురుగా ఉన్న చిన్న ట్యాంకువాడూ ఎక్కడో కూర్చుని మీకు అర్జీ రాసే ఉంటాడు. వాడి మాట విన్నారు. బహుశా వినాల్సిందే. కానీ సార్, వాడి మాట విన్న రోజే ఇతని మాట కూడా ఒకసారి వినుంటే బాగుండేది.

ముప్పావు సెకను మొత్తం ఇవ్వలేకపోతే అర సెకను ఇవ్వండి. అర కష్టమైతే పావు. పావు సెకనుకు మీ విభాగం కూలిపోదు. అదీ కుదరదంటే టరెట్ కాస్త చురుగ్గా తిరిగేలా చూడండి, సర్దుకుంటాడు. ఏదీ వీలుకాదంటే చివరి కోరిక ఒకటి, దానికి ప్యాచ్ కూడా అక్కర్లేదు. ఆ వాక్యం తీసేసి మళ్లీ రాయండి. “మార్చబడినది” వద్దు. “మార్చాము, ఇదీ కారణం” అని రాసి కింద ఎవరిదో ఒక మనిషి పేరు పెట్టండి. తిట్టుకోవడానికి ఒక పేరుంటే రాత్రి కాస్త నిద్ర పడుతుంది.

ఇట్లు,
దున్నపోతు యజమాని, సంగారెడ్డి

తా.క.: అర్జీ రాస్తూ మధ్యలో రెండు ఆటలు ఆడడమైనది. ఒకటి గెలిచాడు, అదీ చివరి గుండుతో. దీన్ని గణాంకాల్లో కలపవద్దని ప్రార్థన.