వెనక చక్రానికి ఏడాది చందా

1972లో బెంజ్ తొలి ఎస్-క్లాస్ వచ్చినప్పుడు దాని పొడవు ఐదు మీటర్లకు కాస్త తక్కువే. ఇప్పటి వాటిలో పొట్టిదే 5.18 మీటర్లు, పొడుగుది దాదాపు 5.3. యాభై ఏళ్ళలో యజమానుల కాళ్ళు పెరగలేదు గానీ, అవి చాపుకునే చోటు పెరిగింది. జర్మనీ పాత ఊళ్ళ సందులు మాత్రం అక్కడే ఉన్నాయి. కారును కుదించమంటే కంపెనీకి నామోషీ. అందుకని ఇంజనీర్లు వెనక చక్రాల మీద పడ్డారు.

కిటుకు ఇంతే. కారు నెమ్మదిగా పోతున్నప్పుడు ముందు చక్రాలు ఎడమకు తిరిగితే వెనకవి కుడికి తిరుగుతాయి. గంటకు 60 కిలోమీటర్లు దాటాక నాలుగూ ఒకే దిక్కుకు తిరిగి, లేన్ మారేటప్పుడు బండిని ఊగనివ్వవు. ఇదంతా చేసేది వెనక ఇరుసు మీది ఎలక్ట్రిక్ మోటారు, దానికో బెల్టు, చక్రాలను నెట్టే రాడ్డు. వీటన్నిటి పైన పెత్తనం కంప్యూటరుది. ఎస్-క్లాస్‌లో 10 డిగ్రీలు తిరిగే రకం కొనుక్కుంటే, వెనక్కి తిప్పుకోవడానికి కావలసిన జాగా రెండు మీటర్ల దాకా తగ్గి 11 మీటర్ల లోపుకు దిగుతుంది. చిన్న కారులా తిరుగుతుందని గొప్పగా చెప్పుకుంటారు. మన ఆల్టోకు దాదాపు 9 మీటర్లు చాలు, అదీ వెనక చక్రాల జోలికి పోకుండా.

వెనక చక్రాలతో మలుపు తిరగడం ఏమంత దొరతనం కూడా కాదు. వరి కోసే టైర్ల హార్వెస్టరు తిరిగేది వాటితోనే. గోదాములో బస్తాలెత్తే ఫోర్క్‌లిఫ్టూ అంతే. 1987లో హోండా ప్రెల్యూడ్ కారు ముందు నుంచి వెనక్కి ఒక ఇనుప షాఫ్టు వేసి, కంప్యూటరు సాయం లేకుండానే నాలుగు చక్రాలనూ తిప్పేసింది. నాలుగు టన్నులు దాటిన హమ్మర్ ఎలక్ట్రిక్ బండి ఇంకో మెట్టెక్కి, చక్రాలన్నీ ఒకే వైపు తిప్పుకుని ఏటవాలుగా నడుస్తుంది. ఆ విద్యకు కంపెనీ పెట్టిన పేరే పీత నడక. బీచ్‌లో పీత ఉచితంగా చేసే పని అది.

అసలు తమాషా ఈక్యూఎస్‌తో మొదలైంది. 2021లో వచ్చిన ఈ ఎలక్ట్రిక్ బెంజ్ ధర అప్పట్లో జర్మనీలో లక్ష యూరోల పైమాటే. ఆ ధరకు వెనక చక్రాలు 4.5 డిగ్రీలు తిరిగేవి. పది డిగ్రీలు తిరగాలా? ఏడాదికి 489 యూరోలు కట్టాల్సి వచ్చేది. మూడేళ్ళకు ఒకేసారి కడితే 1,169 యూరోలు, అంటే టోకున కొంటే కాస్త చవక. పోనీ, డబ్బు కట్టాక మెకానిక్ వచ్చి కొత్త సామాను బిగిస్తాడా అంటే అదీ లేదు. మోటారూ రాడ్డూ కొన్నరోజు నుంచీ కారు కిందే ఉన్నాయి. మిగిలిన అయిదున్నర డిగ్రీలకు సాఫ్ట్‌వేర్‌లో తాళం వేశారు, అంతే.

చందా తీరిపోయిన మర్నాడు ఓ ఆసామి ఆఫీసు సెల్లారులోకి దిగాడనుకుందాం. నిన్నటిదాకా ఒక్క తిప్పుకు స్తంభం దాటిన కారు ఇవాళ బంపరు తగిలేలా ఆగింది. రివర్సు, మళ్ళీ ముందుకు, మళ్ళీ రివర్సు. వెనక హారన్లు మొదలయ్యాయి. స్టీరింగు చెడిందా, బ్యాంకు కార్డు గడువు తీరిందా? ఎవరికి ఫోన్ చేయాలో ఆయనకు పాలుపోదు.

ఈ వ్యాపారంలోకి బీఎండబ్ల్యూ కూడా దిగింది. 2022లో కొన్ని దేశాల్లో, కారులో అప్పటికే ఉన్న సీటు హీటరుకు నెల చందా పెట్టింది. సీట్ల కంటే ముందు జనం వేడెక్కారు. మరుసటి ఏడాదే కంపెనీ ఆ చందా ఎత్తేసింది.