ఒక క్యామ్‌షాఫ్టు ఆత్మకథ

ఇంజినును గూర్చి ప్రస్తావన వచ్చినపుడెల్ల పిస్టనును పొగడుదురు, క్రాంక్‌షాఫ్టును కొనియాడుదురు. సిలిండరులోనికి గాలి యెప్పుడు రావలెనో, ఎంతసేపు రావలెనో నిర్ణయించు నన్ను మాత్రము మూతక్రింద దాచి మఱచిపోవుదురు. కనుక నా కథ నేనే చెప్పుకొనవలసి వచ్చినది. 1989 ఏప్రిలులో జపానున వెలువడిన హోండా ఇంటెగ్రా కారునకు బి16ఎ అను 1,595 సి.సి. ఇంజిను కలదు, అందు గాలిని లోనికి విడుచు వాల్వుల నడుపు క్యామ్‌షాఫ్టును నేను. పొగను వెడలించు వాల్వుల పని నా తోబుట్టువుది. క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరుగునప్పటికి నేను ఒక్క చుట్టు తిరుగుదును. మా యిరువుర నడుమ రాయబారము టైమింగు బెల్టుది.

నా దేహమున సిలిండరునకు మూడు చొప్పున పన్నెండు లోబులున్నవి. లోబనగా గ్రుడ్డువలె ఒకప్రక్కకు సాగిన చక్రము. దాని గుండ్రని భాగము, నాకును వాల్వునకును నడుమనుండు మీట యైన రాకరును తాకుచున్నంతసేపు వాల్వు మూసికొనియుండును; సాగిన ముక్కు వచ్చి నొక్కగనే తెఱచుకొనును. ముక్కు ఎత్తును బట్టి వాల్వు దిగు లోతు, భుజముల వెడల్పును బట్టి అది తెఱచియుండు కాలము. వినుటకు సులభమే గాని, ఆ భుజముల వాలును దీర్చుటలోనే శిల్పమంతయు నున్నది. వాలు మొదటనే నిటారుగ లేచినచో రాకరునకు దెబ్బ తగిలి చప్పుడు పుట్టును. ముక్కు వంపు మరీ పదునైనచో అధికవేగమున స్ప్రింగు రాకరును నన్నంటి యుంచలేక, వాల్వు నా ఆజ్ఞ తప్పి తేలిపోవును.

మూడు లోబులేల యందురా? ఒక్క రూపము రెండు వేగములకు ఒదుగదు గనుక. ఇంజిను నిమిషమునకు 800 చుట్లు తిరుగునపుడు పిస్టను ఒకసారి దిగుటకు 37.5 మిల్లీసెకండ్లు పట్టును. 8,000 చుట్ల వేళ 3.75 మాత్రమే. ఆ అల్పవ్యవధిలో సిలిండరు నిండవలెనన్న వాల్వు ముందుగనే తెఱచుకొనవలెను, లోతుగ దిగవలెను, పిస్టను అడుగునకు చేరి మరల పైకి బయలుదేరిన పిమ్మటగూడ కొంతతడవు తెఱచియే యుండవలెను. ఏలయన వడిగ వచ్చుచున్న గాలి తన ఊపుచేత, పిస్టను ఎదురు వచ్చుచున్నను, లోనికి చొచ్చుచునే యుండును. పొగవాల్వు ఇంకను మూయకమునుపే నా వాల్వు తెఱచుకొను సంధికాలమున, వెడలిపోవు పొగ క్రొత్తగాలిని తనవెంట లాగుటయు కలదు. మందగమనమున ఇదే రూపము అపకారి యగును. ఊపులేని గాలిని పిస్టను వచ్చినదారినే వెనుకకు నెట్టును, పొగ ఎదురుదారి పట్టి క్రొత్తగాలిలో కలియును, టార్కు క్షీణించి ఇంజిను నిలుకడ లేక వణకును.

ఈ చిక్కు విప్పినది ఇకువొ కజితాని నాయకత్వమున పనిచేసిన హోండా ఇంజనీర్లు. మొదట 140 గుఱ్ఱముల బలము చాలుననుకొని, పిమ్మట లీటరునకు నూరు చొప్పున 160 సాధించిరి. ప్రతి సిలిండరు మూడు లోబులలో ఇరుప్రక్కలనున్న పొట్టివి మందగమనమునకు, నడిమి పొడవాటి లోబు శీఘ్రగమనమునకు. మెల్లగ పోవునపుడు నడిమి లోబు తన రాకరును నొక్కుచునే యుండును గాని, ఆ రాకరు క్రింద వాల్వే లేదు. ఒక స్ప్రింగును అణచి విడుచుటయే దాని పని. ఇంతటి నిష్ఫలోద్యోగము మఱియెచట నుండును! వేగము పెరిగి, నీరు వేడెక్కి, ఇంజినుపై బరువు పడినదని కంప్యూటరు ఎఱిగినపుడు సొలినాయిడు అను విద్యుత్ కవాటము తెఱచుకొనును. రాకర్ల యిరుసులోనికి ఆయిలు ఒత్తిడి పాఱి, చిన్న పిన్నులను ప్రక్కకు జరిపి, మూడు రాకర్లను ఒక్కటిగ బంధించును. దానికిని ముహూర్తము కావలెను: మూడును నా గుండ్రని భాగముపై నున్నపుడే వాని రంధ్రములు ఒక్క వరుసకు వచ్చును, ఒత్తిడి నడుమ వచ్చినచో పిన్ను కాచుకొని యుండవలసినదే. బంధము పడినపిమ్మట నడిమి లోబు మాటయే చెల్లును, ఇంజిను కంఠమే మాఱిపోవును.

నన్నేలిన యొక యజమాని ఆయిలు మార్చుటయే మానుకొనగా, సొలినాయిడు ముంగిటి జల్లెడ మడ్డితో పూడి, పిన్నులకు ఒత్తిడి అందక, నడిమి లోబు చాలకాలము ఆ స్ప్రింగుతోడనే కాలక్షేపము చేసినది.

తరువాత టొయోటా వారి వీవీటీ-ఐ మొదలైనవి వచ్చి, క్యామ్‌షాఫ్టునే కొంత ముందునకో వెనుకకో తిప్పు పద్ధతి ప్రబలినది. మంచిదే, కాని తిప్పినమాత్రమున ముక్కు ఎత్తు పెరుగదు, వాల్వు తెఱచియుండు నిడివి మాఱదు, తెఱచు సమయము మాత్రమే జరుగును. నా వెలితియు లేకపోలేదు: నా రెండు రూపముల నడుమ మెట్టున్నది గాని వాలు లేదు. 2001లో ఇంటెగ్రా టైప్-ఆర్ కారునకు పెట్టిన కె20ఎ ఇంజినున రెండుపాయములును కలిసినవి, 1,998 సి.సి.లో, 8,000 చుట్ల వద్ద, 220 గుఱ్ఱముల బలము. అందలి క్యామ్‌షాఫ్టు తిరుగుటయు నేర్చినది, మూడు లోబులను మోయుటయు మానలేదు. పైగా దానికి బెల్టు బదులు చైను. తెగునేమోనన్న నా బెంగ దానికి లేదు.