కౌంటరు మీది ట్యాబ్

కూకట్‌పల్లిలో ఒక ఆంధ్రా మెస్‌లో, చిల్లర డబ్బా పక్కన నా చోటు. ఆర్డరు రాగానే మోగుతాను, ఎవరో ఒకరు వచ్చి ఒప్పుకున్నట్టు నొక్కేదాకా మోగుతూనే ఉంటాను. ఎన్ని నిమిషాల్లో సిద్ధమవుతుందో అక్క చెబుతుంది. మెస్ నడిపే ఆవిణ్ణి అందరూ అక్కా అనే పిలుస్తారు. ఆ నిమిషాలనూ, దూరాన్నీ, దగ్గర్లో ఏ డెలివరీ కుర్రాడు ఖాళీగా ఉన్నాడన్నదాన్నీ కలిపి లెక్కగట్టి, ఎక్కడో ఉన్న డెలివరీ కంపెనీ సర్వరు పార్సిల్‌ని ఒకరికి అప్పగిస్తుంది. ఒక్కోసారి ఒకే దారిలో ఉన్న రెండు పార్సిళ్లు ఒకరికే వెళతాయి.

గోడ మీది బోర్డులో భోజనం 120 రూపాయలు. నా తెర మీద అదే పప్పు, అదే పులుసు, అదే గోంగూర పచ్చడి 170. ఆ తేడా చూసి అక్కకు ఆశ ఎక్కువని అనుకునేవాళ్లున్నారు. నాకు బాధ కలిగేది అక్కడే, ఎందుకంటే ఆ లెక్క నాలోనే ఉంది. చిన్న హోటళ్లకు డెలివరీ కంపెనీల కమీషన్ సాధారణంగా నూటికి 15 నుంచి 30 మధ్య పడుతుంది. 25 అనుకుందాం. ముందు అక్క నా దగ్గర 150 పెట్టింది. అందులో కమీషన్ 37.50, దాని మీద 18 శాతం జీఎస్టీ 6.75 పోగా మిగిలింది 105.75. బల్ల దగ్గర కూర్చుని తినేవాళ్లిచ్చే 120 కన్నా అది తక్కువ. పైగా డబ్బాలు, కవర్లు కొనాలి. 5 శాతం జీఎస్టీ కింద నడిచే హోటలు కాబట్టి కమీషన్ మీద కట్టిన పన్ను తిరిగి రాబట్టుకోవడానికీ వీల్లేదు. చేతికి దాదాపు 120 దక్కాలంటే 170 పెట్టక తప్పలేదు. ‘సగం ధరకే’ అని తెర మీద మెరిసే తగ్గింపుల్లోనూ చాలాసార్లు హోటలు వాటా ఉంటుంది. తెరలో పైవరుసన కనబడాలంటే ప్రకటన ఖర్చు వేరు.

తినేవాళ్ల బిల్లు ఆ 170తో ఆగదు. డెలివరీ ఛార్జీ, ప్యాకింగ్, జీఎస్టీ, ప్లాట్‌ఫామ్ ఫీజు వచ్చి చేరతాయి. ఈ చివరిది 2023లో 2 రూపాయలతో మొదలై రెండేళ్లు తిరిగేసరికి 10 దాటింది. వీటన్నిటినీ బిల్లులో వరుసగా చూపిస్తారు. చాలాసార్లు అన్నిటికన్నా పెద్దదైన కమీషన్ మాత్రం భోజనం ధరలో కలిసిపోయి తినేవాళ్లెవరికీ కనపడదు. దాన్ని కూడా బిల్లులో ఒక వరుసగా చూపించాలి.

బేరమాడొచ్చు కదా అంటే, ఎవరితో ఆడాలి? జొమాటో 2008లో ఫుడీబే పేరుతో మెనూ కార్డులు చూపించే వెబ్‌సైటుగా పుట్టి, 2015లో పార్సిళ్ల పనిలోకి దిగింది. స్విగ్గీ 2014లో బెంగళూరులో మొదలైంది. 2020 జనవరిలో ఊబర్ ఈట్స్ భారత వ్యాపారాన్ని జొమాటో కొనేశాక, దేశంలో ఈ రంగం దాదాపుగా ఈ రెండిటి చేతిలోనే ఉంది. హోటళ్ల సంఘం ఫిర్యాదు మీద 2022 ఏప్రిల్‌లో కాంపిటీషన్ కమిషన్ ఈ రెండిటిపైనా విచారణకు ఆదేశించింది. చాలా శాఖలున్న పెద్ద హోటళ్లకు బేరమాడే సత్తా ఉంటుంది. ఒక్క వంటింటి మెస్‌కు ఎక్కడిది?

అయినా అక్క నన్ను పక్కన పెట్టలేదు. వాన పడి వీధి ఖాళీ అయిన రాత్రుళ్లు పొయ్యి మీది అన్నం అమ్ముడుపోయేది నా వల్లే. మూడు కిలోమీటర్ల అవతల హాస్టల్లో ఉండే పిల్లలకు ఈ మెస్ పేరు తెలిసింది కూడా నా వల్లే. ఇది చిన్న మేలేమీ కాదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు గుమ్మం ముందు బళ్లు నిండిపోతాయి. ‘అక్కా, ఆర్డరు అయిందా?’ అని ఒకరు, ‘రెండు నిమిషాలు తమ్ముడూ, అన్నం దించుతున్నా’ అని అక్క. ఆ రెండు నిమిషాలు ఒక్కోసారి ఇరవై అవుతాయి. కుర్రాడికి డబ్బు ముఖ్యంగా ఆర్డరును బట్టి, దూరాన్ని బట్టి వస్తుంది. పెట్రోలు, బండి మరమ్మతు అతనివే. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఇలాంటి కంపెనీలు వార్షిక టర్నోవరులో ఒకటి రెండు శాతం ఈ కార్మికుల నిధికి కట్టాలి. ప్రమాదానికీ జబ్బుకూ అది ఆసరా అవుతుంది, నిలబడ్డ ఇరవై నిమిషాలకు మాత్రం కూలి కాదు. కుర్రాడు గుమ్మం దగ్గరికి చేరిన సమయం, పార్సిల్ అందుకున్న సమయం, రెండూ కంపెనీ దగ్గర ఇప్పటికే నమోదవుతున్నాయి. వాటి మధ్య నిమిషాలకు పూర్తి కూలి కట్టడానికి కొత్త యంత్రమేదీ అక్కర్లేదు.