దిద్దుబాటు మేస్టారు

మా బందరులో ఆయన్ని అందరూ మేస్టారనే అంటారు. బడి మాత్రం ఇంకా దొరకలేదు. ఎమ్మే తెలుగు, ఆపైన పండిత శిక్షణ. అవనిగడ్డ కోచింగులో ఎన్ని బ్యాచీల సాంబారు తిన్నారో ఆయనకే తెలియాలి. 2018 తర్వాత డీఎస్సీ మళ్ళీ 2025లో గానీ జరగలేదు. 16,347 పోస్టులన్నారు, అందులో ఈయనది లేదు. ఈలోగా పొట్ట గడవాలిగా అని ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలు చదవడం మొదలుపెట్టారు. చిక్కంతా అక్కడే వచ్చింది. పనేమిటో, జీతమెంతో ఆయన కంటికి ఆనవు. వత్తులే ఆనుతాయి.

కోనేరు సెంటర్లో ఫ్లెక్సీ కనిపిస్తే చాలు, జేబులోంచి మార్కరు తీస్తారు. ‘అభ్యర్ధుల’ పొట్టలో చుక్క పెట్టి అభ్యర్థుల్ని చేస్తారు. ‘ఆశక్తి గలవారు’ అని ఉంటే మాత్రం దిద్దరు. "ఆశ ఉండి శక్తి లేనివాళ్ళని పిలుస్తున్నాడు, జీతం చూస్తే సబబే" అంటారు.

ఓసారి గుడివాడ బస్టాండు గోడ దగ్గర బస్సు పోగొట్టుకున్నారు. ‘రొయ్యల చెరువు కాపలాకు పిల్లలు లేని దంపతులు కావలెను. మేత, వసతి ఉచితం. పిల్లల చదువు మేమే చూసుకొందుము.’ వెంటనే ఫోన్ కొట్టారు. "లేని పిల్లల చదువు సరే, మేత ఎవరికండీ?" అవతలివాడు పాపం బేరమనుకున్నాడు. "దంపతులిద్దరికీనండి. రేపొచ్చి చేరిపోండి."

మరోసారి ఫ్లెక్సీల షాపు మీదికే దండెత్తారు. "1902లో కృష్ణాపత్రిక పుట్టిన ఊరయ్యా ఇది! ముట్నూరి కృష్ణారావుగారు నడిచిన నేల! ‘తెలుగు టైపింగు తప్పుల్లేకుండ వచ్చిన వాల్లు కావలెను’ అని నీ షాపు మీదే రాసుకుంటావా?" కుర్రాడు తల తిప్పలేదు. "వాట్సాపులో వచ్చింది వచ్చినట్టు కొడతాం సార్. దిద్దితే రేటు వేరు." దిద్దడానికి రేటుంటుందని మేస్టారు వినడం అదే మొదలు.

చివరికి నాగాయలంకలో మేత అమ్ముకునే షావుకారొకాయన, తన ప్రకటనలోనూ తప్పులు పడుతుంటే విసిగిపోయి, "అంత తెలిసినోరు మీరే రాసిపెట్టండి" అన్నాడు. మేస్టారు చిన్నయసూరి బాలవ్యాకరణం పక్కన పెట్టుకుని రాత్రంతా కూర్చున్నారు. నాలుగు సమాసాలు, ఒక్క వాక్యం, వెదికినా తప్పు దొరకదు. నన్నడిగితే తప్పులున్న ప్రకటనే నయం, కావలసింది గుమాస్తా అని అదైనా చెప్పేది. వారం గడిచినా పిట్ట వాలలేదు. ఆ తర్వాత కోడూరు నుంచి ఒకే ఒక్కడొచ్చాడు. అతనిదీ ఎమ్మే తెలుగే. ఉద్యోగానికి కాదు, మూడో సమాసం తర్వాత అరసున్న ఎగిరిపోయిందని చెప్పడానికి.

మధ్యాహ్నం దాకా బస్తాల మధ్య నిలబడి ఇద్దరూ సూత్రాలు విసురుకున్నారు. కొట్టు ముందు ట్రాలీ ఆటో హారన్ కొడుతోంది.

"ఏవండీ," అన్నాడు షావుకారు, "మీ ఇద్దర్లో బస్తా ఎత్తగలిగినోరు ఎవరన్నా ఉన్నారా?"