గుండె చీటీకి టీకా తాత్పర్యం

అవతారిక: కోవిల్‌పట్టి కడలమిఠాయి తిని పెరిగి, విరుదునగర్ నూనె పరోటాను ఏనాడూ కాదనని ఒకానొక నాయుడుగారు మేడమెట్లెక్కుతూ రొమ్ము పట్టుకుని ఆగారు. డాక్టరు ఒక సూత్రం రాసిచ్చాడు. కి. రాజనారాయణన్ ఇంట తెలుగు మాట్లాడి తమిళంలో కథలు రాసిన కరిసల్ (నల్లరేగడి) నేల ఇది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, చీటీలో ఇంగ్లీషు. కనుక వ్యాఖ్యానం అవసరమైంది.

మూలం: ఈసీజీ, ట్రోప్, ఎకో, పిదప టీఎంటీ, కావలిస్తే యాంజియో.

పాఠభేదాలు: 'ట్రోప్'ను కోడలు 'ట్రిప్స్' అని చదివి సెలైన్ ఎక్కిస్తారనుకుంది. అల్లుడు 'ట్రిప్' అని చదివి కుట్రాలం జలపాతాలకు కారు మాట్లాడాడు. రెండూ అపపాఠాలే.

ప్రతిపదార్థం:

ఈసీజీ = గుండెలో పుట్టే కరెంటును కాగితం మీద గీయడం. రొమ్మున 6, కాళ్లకూ చేతులకూ 4, మొత్తం 10 చోట్ల తీగలు తగిలిస్తారు. యంత్రం మనలోకి కరెంటు పంపదు, షాకు కొట్టదు. ఈసీజీ యంత్రాన్ని రూపొందించిన ఐంథోవెన్ కాలంలో రెండు చేతులూ ఒక కాలూ ఉప్పునీళ్ల తొట్టెల్లో ముంచి కూర్చోవాల్సి వచ్చేది. ఆయనకు 1924లో నోబెల్ ఇచ్చారు, తొట్టెల్లో కూర్చున్నవాళ్లకు ఏమీ ఇవ్వలేదు. విరుదునగర్ నువ్వులనూనెకు 'ఇదయం' (హృదయం) అని పేరున్నంత మాత్రాన దాన్ని రొమ్మున పట్టించి రాకూడదు. అంటించినవి జారిపోతాయి.

ట్రోప్ = ట్రోపోనిన్; గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగేది. నొప్పి మొదలైన వెంటనే తీస్తే కనబడకపోవచ్చు, అందుకే కొన్ని గంటలకు మళ్లీ తీస్తారు. రెండో సూదిని దోపిడీ అనడం తొందరపాటు.

ఎకో = శబ్దతరంగాలతో గుండెను చూడడం. ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి చల్లటి జెల్లు రాస్తారు. 'మూచ్చ ఇళుత్తు పుడింగ' అంటే ఊపిరి పీల్చి బిగబట్టాలి. రిపోర్టులో ఈఎఫ్ 60 అని చూసి నాయుడుగారు వందకు అరవయ్యేనా అని దిగులుపడ్డారు. ఎడమ గదిలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు బయటికి వెళ్లే శాతం అది. 60 మంచి మార్కే. ఈ పరీక్షలో వంద ఎవరికీ రాదు.

టీఎంటీ = నడిచే పట్టీ మీద నడిపిస్తూ ఈసీజీ తీయడం. బ్రూస్ పద్ధతిలో 3 నిమిషాలకోసారి వేగమూ ఎత్తూ పెరుగుతాయి. పంచె, తోలుచెప్పులు, కడుపునిండా ఇడ్లీ నిషిద్ధం. ఏ మాత్ర ఆపాలో డాక్టరే చెప్పాలి. రొమ్ము బరువెక్కినా, తల తిరిగినా అప్పుడే చెప్పాలి. పౌరుషం చూపించే చోటు కాదు.

యాంజియో = మణికట్టు దగ్గరో గజ్జ దగ్గరో సన్నని గొట్టం పంపి, రంగుమందు వదిలి, ఎక్స్‌రేలో రక్తనాళాలు చూడడం. మనిషి మెలకువగానే ఉంటాడు. ఒళ్లు కాసేపు వేడెక్కినట్టు అనిపించవచ్చు. మందు మూత్రపిండాలకు భారం కనుక ముందే క్రియాటినిన్ చూస్తారు. షుగరు మాత్రలు, పడని మందుల సంగతి దాచకూడదు.

పూర్వపక్షం: "ఈసీజీ నార్మల్ వచ్చింది కదా, మిగతావన్నీ బిల్లు పెంచడానికే" అని టీకొట్టు మీమాంసకులు.

సిద్ధాంతం: కాదు. ఈసీజీ చెప్పేది తీసిన ఆ కొద్ది సెకన్ల సంగతి. పడుకున్న ఎద్దును చూసి బండి లాగగలదో లేదో చెప్పలేం. రక్తనాళం సగానికి పైగా పూడుకున్నా విశ్రాంతిలో గీత మామూలుగానే రావచ్చు. ఈ పరీక్షల్లో కరెంటు సంగతి ఒకరు చెప్తారు, కండరం సంగతి ఒకరు, నాళం సంగతి ఇంకొకరు. ఒకరి సాక్ష్యం మరొకరికి చెల్లదు. అట్లాగని చీటీలో లేని పరీక్షలు మనమే అడిగి చేయించుకోవడమూ శాస్త్రసమ్మతం కాదు.

తాత్పర్యం: పాత రిపోర్టులన్నీ ఒక సంచిలో పెట్టుకుని వెళ్లండి. ఏ పరీక్ష ఎందుకో అడగండి. రొమ్ములో నొప్పి ఇప్పుడే ఉంటే, గ్యాసు మాత్ర వెతక్కుండా, ఈ టీకా అవతల పెట్టి, 108కి ఫోన్ చెయ్యండి.